కోల్డ్ కాథోడ్‌కి ఏ కార్బన్ తీసుకోవాలి? నానోట్యూబ్, ఫైబర్, డైమండ్ ఫిల్మ్, గ్రాఫీన్ గోడల పోలిక

ఫీల్డ్ ఎమిషన్ (కాథోడ్‌ని వేడిచేయకుండా, బలమైన విద్యుత్ క్షేత్రంతో ఎలక్ట్రాన్లని బయటికి లాగడం) మీద కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నిటికన్నా తక్కువ టర్న్-ఆన్ ఫీల్డ్ దేనికుంది?" టర్న్-ఆన్ ఫీల్డ్ అంటే కరెంటు రావడం మొదలయ్యే విద్యుత్ క్షేత్రం. చేతిలో నాలుగైదు పేపర్లు ఉంటాయి. ఒకదాంట్లో మైక్రోమీటరుకు 1 వోల్ట్, ఇంకోదాంట్లో 2.5, మరోదాంట్లో 8. అందరికన్నా తక్కువ చెప్పిన పేపర్‌ని పట్టుకుని ఆర్నెల్లు ఫర్నేసు ముందు కూర్చుంటారు. నమూనా వస్తుంది, చాంబర్‌లో పెడతారు, పది నిమిషాలు చక్కగా కరెంటు ఇస్తుంది. తర్వాత ఒక్క ఆర్క్ (మెరుపు లాంటి విద్యుత్ డిశ్చార్జ్) కొడుతుంది. అంతే, మళ్లీ లేవదు.

నాకు కూడా ఒక ఏడాది ఇలాగే పోయింది. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ వోల్టేజీ దగ్గర మొదలవుతుందో చూసి ఎమిటర్‌ని, అంటే ఎలక్ట్రాన్లని వదిలే పదార్థాన్ని, ఎంచుకోకండి. ఎంత కరెంటు దగ్గర, ఎలాంటి వాక్యూమ్‌లో, ఏ కారణంతో పాడవుతుందో తెలుసుకుని ఎంచుకోండి. కింద చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

## ఎలక్ట్రాన్ బయటికి ఎలా వస్తుంది

పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో స్విచ్ వేశాక బొమ్మ రావడానికి కొన్ని సెకన్లు పట్టేది. వెనకున్న కాథోడ్ వేడెక్కితే గానీ ఎలక్ట్రాన్లు బయటికి రాకపోవడమే దానికి కారణం. ఫీల్డ్ ఎమిషన్‌కి ఆ వేడి అక్కర్లేదు. గ్రాఫైట్ జాతి కార్బన్ ఉపరితలం దగ్గర ఎలక్ట్రాన్‌ని ఆపే గోడ ఎత్తు, అంటే వర్క్ ఫంక్షన్, సుమారు 4.6 ఎలక్ట్రాన్ వోల్టులు. బయట బలమైన విద్యుత్ క్షేత్రం పెడితే ఆ గోడ పలచబడుతుంది. మందం ఒకటిన్నర నానోమీటర్ దాకా తగ్గిందంటే ఎలక్ట్రాన్ గోడ ఎక్కకుండానే అవతలికి చేరిపోతుంది. ఈ టన్నెలింగ్‌కి 1928లో ఫౌలర్, నోర్డ్‌హైమ్ లెక్క కట్టారు. కరెంటు, వోల్టేజీల సంబంధాన్ని చూపడానికి మనం నేటికీ గీసే ఎఫ్-ఎన్ ప్లాట్ వాళ్ల పేరు మీదిదే.

చిక్కల్లా క్షేత్రం దగ్గరే ఉంది. నానోమీటరుకు 3 వోల్టులు కావాలి. రెండు చదును పలకల మధ్య ఒక మిల్లీమీటర్ దూరం ఉంచి ఇంత క్షేత్రం తేవాలంటే 30 లక్షల వోల్టులు పెట్టాలి. కానీ పలక మీద సన్నగా, పొడవుగా ఒక ముల్లు నిలబడి ఉంటే క్షేత్రం దాని కొన దగ్గర గుమిగూడుతుంది. ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే ముతక లెక్క ఒకటుంది: ముల్లు పొడవుని కొన వ్యాసార్ధంతో భాగించడం. 10 మైక్రోమీటర్ల పొడవు, 10 నానోమీటర్ల వ్యాసార్ధం ఉన్న నానోట్యూబ్‌కి ఇది 1000. అప్పుడు అదే మిల్లీమీటర్ దూరానికి 3000 వోల్టులు చాలు.

ఇంకో అంకె కూడా గుర్తుపెట్టుకోండి, వ్యాసమంతా దీన్ని వాడతాను. ఫౌలర్-నోర్డ్‌హైమ్ సూత్రంలో 4.6 వర్క్ ఫంక్షన్ వేసి, కొన దగ్గర క్షేత్రాన్ని 3 నుంచి 3.3కి, అంటే కేవలం 10 శాతం పెంచి చూడండి. కరెంటు సుమారు 9 రెట్లు అవుతుంది. ఈ రంగంలోని అందమూ, టెన్షనూ రెండూ దీనిలోంచే పుడతాయి.

మరి లోహం ఉండగా కార్బన్ ఎందుకు? సన్నని లోహపు కొన వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది, చివరికి కరిగి పేలుతుంది. కార్బన్ మామూలుగా కరగదు, 3600 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో నేరుగా ఆవిరవుతుంది. పరమాణువుల మధ్య బంధాలు గట్టివి కాబట్టి క్షేత్రం లాగినా కొన ఆకారం తొందరగా మారదు. మల్టీవాల్ నానోట్యూబ్‌లో (ఒకదానిలో ఒకటి అమరిన అనేక గోడలున్న కార్బన్ గొట్టం) అయితే వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. 2002లో ఫ్రాన్స్‌లో పర్సెల్ బృందం ఒక్క ట్యూబ్‌ని దాని ఎమిషన్ కరెంటుతోనే 2000 కెల్విన్ దాకా వేడెక్కించి, అది నిలకడగా పనిచేయడం చూపించింది. సన్నని లోహపు కొనతో ఈ సాహసం చేయలేం.

## ఎంచుకునే ముందు మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు

మొత్తం కరెంటు ఎంత, ఎంత వైశాల్యం నుంచి? చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్లు అని రాసి ఉంటే గొప్పగానే ఉంటుంది. నమూనా వైశాల్యం చదరపు మిల్లీమీటరే అయితే వాళ్లు నిజంగా కొలిచింది 0.1 మిల్లీఆంపియరే. ఆ నమూనాని వంద రెట్లు పెద్దది చేస్తే కరెంటూ వంద రెట్లు అవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. సాధారణంగా అవదు. పెద్ద ఫిల్మ్‌లో పనిచేసే కొనలు కొన్నే ఉంటాయి, వైశాల్యంతో పాటు అన్నిటికన్నా బలహీనమైన కొన పేలే అవకాశం కూడా పెరుగుతుంది.

నిరంతరంగానా, పల్స్‌గానా? మైక్రోసెకన్ల పల్స్‌లో బ్రహ్మాండంగా ఉన్న ఎమిటర్ నిరంతర కరెంటు దగ్గర గంట కూడా ఆగకపోవచ్చు.

మీ వాక్యూమ్ నిజంగా ఎంత? గేజ్ చూపించేది కాదు నేను అడిగేది. ఎమిషన్ మొదలయ్యాక ఆనోడ్ (ఎలక్ట్రాన్లు వెళ్లి తగిలే ఎదుటి పలక) వేడెక్కి గ్యాస్ వదులుతుంది. అప్పుడు కాథోడ్ ముందు ఉండే పీడనమే లెక్కలోకి వస్తుంది. అక్కడి గ్యాస్ అణువుల్ని ఎలక్ట్రాన్లు అయాన్లుగా మారుస్తాయి, ఆ అయాన్లు వెనక్కి వచ్చి కాథోడ్‌నే కొడతాయి. ఆక్సిజన్ ఉంటే కార్బన్‌కి మరీ ప్రమాదం, అది కొనను నెమ్మదిగా తినేస్తుంది.

మీ ఊళ్లో, మీ ల్యాబ్‌లో దాన్ని తయారుచేయగలరా? దీన్ని చాలామంది ఆఖర్న అడుగుతారు. నేనైతే రెండో ప్రశ్నగా అడుగుతాను.

టర్న్-ఆన్ ఫీల్డ్‌ని ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. మొదటి సంగతి, అందరూ ఒకే నిర్వచనం వాడరు. చదరపు సెంటీమీటరుకు 10 మైక్రోఆంపియర్లు వచ్చే ఫీల్డ్ అని కొందరంటారు, 1 అని కొందరు, 0.1 అని ఇంకొందరు. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. రెండోది గ్యాప్ కొలత. రెండు పలకల మధ్య దూరాన్ని నిలిపే 200 మైక్రోమీటర్ల స్పేసర్ పెట్టి 600 వోల్టులిస్తే క్షేత్రం మైక్రోమీటరుకు 3 వోల్టులని రాసుకుంటాం. ఫిల్మ్ ఎత్తు 20 మైక్రోమీటర్లు ఉండి దాన్ని లెక్కలో మరిచిపోతే నిజమైన గ్యాప్ 180 మాత్రమే. తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా లేని ఈ తప్పుకి క్షేత్రం 11 శాతం మారుతుంది. పైన చెప్పిన 9 రెట్లు గుర్తుందిగా? ఒక నమూనా ఇంకోదానికన్నా "పది రెట్లు మెరుగు" అని రాసిన చోట, తేడా నిజానికి స్పేసర్ దగ్గరే ఉండవచ్చు.

మూడోది ఇంకా లోతైన పొరపాటు. సబ్‌స్ట్రేట్‌తో, అంటే ఎమిటర్ కింద ఉన్న పలకతో, కాంటాక్ట్ సరిగా లేకపోతే దారిలో వోల్టేజీ పడిపోతుంది, ఎఫ్-ఎన్ ప్లాట్ వాలు తగ్గుతుంది. ఆ వాలులోంచి లెక్కకట్టిన క్షేత్ర పెరుగుదల గుణకం వేలల్లో, ఒక్కోసారి పదివేలల్లో వస్తుంది. అంటే కాంటాక్ట్ ఎంత చెడ్డగా ఉంటే ఎమిటర్ అంత గొప్పగా కనిపిస్తుంది! ఇంగ్లండ్‌లోని సర్రే యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ ఫోర్బ్స్ 2013లో దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఇచ్చారు, ఆర్థడాక్సీ టెస్ట్ అంటారు. ప్లాట్‌లోంచి వెనక్కి లెక్కకట్టి, కొన దగ్గర క్షేత్రం భౌతికంగా సాధ్యమయ్యే హద్దుల్లో ఉందో లేదో చూస్తుంది. మీరు నమ్మాలనుకున్న పేపర్‌లోని గ్రాఫ్ మీద కూడా ఈ పరీక్ష చేయవచ్చు, అరగంట పని.

## కార్బన్ నానోట్యూబ్‌లు

అందరి చూపూ మొదట దీని మీదే పడుతుంది, అందులో తప్పేమీ లేదు. ఇజిమా 1991లో నానోట్యూబ్‌లని చూపించాక నాలుగేళ్లకే, 1995లో, రింజ్లర్ బృందం ఒక చోట, డి హీర్, షాతెలాన్, ఉగార్తే ఇంకో చోట వాటి ఫీల్డ్ ఎమిషన్‌ని చూపించారు. 1999లో శాంసంగ్ నాలుగున్నర అంగుళాల నానోట్యూబ్ డిస్‌ప్లేని ప్రదర్శించింది. ఆ టీవీ మన ఇళ్లకి రాలేదు. ఎల్‌సీడీల ధర పడిపోవడం ఒక కారణమైతే, లక్షల పిక్సెల్స్ ఒకే వెలుగు ఇచ్చేలా ట్యూబ్‌లని సమానంగా ఉంచడం ఎంత కష్టమో తేలడం మరో కారణం.

ఆ కష్టం ఎక్కడిదో పాత లెక్కతోనే అర్థమవుతుంది. పక్క ట్యూబ్‌ల కన్నా 10 శాతం పొడవున్న ట్యూబ్ 9 రెట్ల కరెంటు మోస్తుంది. గడ్డి చేలో నలుగురు పొడుగు మనుషులు నిలబడితే పిడుగు వాళ్ల మీదే పడ్డట్టు, భారమంతా ఆ కొన్ని ట్యూబ్‌ల మీదే పడుతుంది. వోల్టేజీ పెంచుతుంటే ముందు అవి పోతాయి, తర్వాత వాటి కన్నా కొంచెం పొట్టివి అందుకుంటాయి. దీన్నే జాగ్రత్తగా, మెల్లగా చేస్తే కండిషనింగ్ అంటాం. తొందరపడితే వేరుతో సహా ఊడిన ట్యూబ్ ఆనోడ్ వైపు ఎగిరిపోతుంది, ఆర్క్ కొడుతుంది, చుట్టూ వందల ట్యూబ్‌లు కాలిపోతాయి.

గమనించాల్సింది ఏమిటంటే, ట్యూబ్ కొన దగ్గర కన్నా మొదలు దగ్గర ఎక్కువగా చెడుతుంది. సిలికాన్ మీద నాజూకుగా అంటుకున్న వేరు దగ్గరే రెసిస్టెన్స్, వేడి, ఊడిపోవడం అన్నీ జరుగుతాయి. నా మొదటి ఏడాది నమూనాలు చచ్చింది ఇక్కడే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే మిగిలిన ట్యూబ్‌ల కొనలు శుభ్రంగా ఉన్నాయి, పోయినవాటి చోట మాత్రం గుండ్రని ఖాళీలు. నేను ఆ ఏడాదంతా కొనలు మెరుగుపరిచే పని చేశాను, చేయాల్సింది వేళ్లు గట్టిపరచడం.

రెండో సంగతి సాంద్రత. ఒత్తుగా పెరిగిన నానోట్యూబ్ అడవి ఫొటోలో ఎంతో బాగుంటుంది. ఎమిటర్‌గా మాత్రం చదును పలకకి దగ్గరగానే ప్రవర్తిస్తుంది, ఎందుకంటే ప్రతి ట్యూబూ పక్కదాని క్షేత్రాన్ని కప్పేస్తుంది. ట్యూబ్‌ల మధ్య దూరం వాటి ఎత్తుకి సుమారు రెండింతలు ఉండాలన్నది లెక్కలూ ప్రయోగాలూ చెప్పిన మాట. 5 మైక్రోమీటర్ల ఎత్తుకి 10 మైక్రోమీటర్ల దూరం ఇస్తే చదరపు సెంటీమీటరులో 10 లక్షల ట్యూబ్‌లు పడతాయి. ఒక్కోటి ఒక్క మైక్రోఆంపియర్ ఇచ్చినా మొత్తం ఒక ఆంపియర్. కాగితం మీద ఇంత ఉన్నది చేతిలో ఎందుకు రాదంటే, ఎత్తుల్లో ఉండే ఆ పది శాతం తేడా వల్లే.

తయారీలో రెండు దారులున్నాయి. ఒకటి, కొన్ని నానోమీటర్ల ఇనుము లేదా నికెల్ పొర వేసి, అసిటిలీన్ లాంటి గ్యాస్‌తో 700 డిగ్రీల ప్రాంతంలో సీవీడీలో (వాయువు నుంచి పదార్థాన్ని పలక మీద పేర్చే పద్ధతి) నేరుగా పెంచడం. రెండు, రెడీమేడ్ ట్యూబ్ పొడిని పేస్ట్‌గా కలిపి స్క్రీన్ ప్రింట్ చేయడం. ప్రింట్ చేసినదాంట్లో ట్యూబ్‌లు పడుకుని ఉంటాయి. వేయించాక పైన అంటుకునే టేప్ వేసి పీకితే కొన్ని లేచి నిలబడతాయి. వినడానికి మోటుగా ఉన్నా ఇది నిజంగా వాడే పద్ధతే. పేస్ట్‌లో గాజు పొడి గానీ లోహపు పొడి గానీ ట్యూబ్ వేరుని పట్టి ఉంచుతుంది కాబట్టి, ఎక్కువ కాలం నడవాల్సిన పరికరాలకి నేను సీవీడీ అడవి కన్నా ప్రింట్ చేసినదాన్నే ఇష్టపడతాను. సింగిల్‌వాల్, మల్టీవాల్ మధ్య సందేహం ఉంటే మల్టీవాల్ తీసుకోండి. బయటి గోడ ఒకటి చెడినా లోపల ఇంకా గోడలుంటాయి.

ఎక్స్-రే రంగంలో నానోట్యూబ్ నిజంగా నిలబడింది. నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఒట్టో జౌ బృందం 31 ఎక్స్-రే మూలాలని ఒకే వరుసలో పెట్టి, ట్యూబ్‌ని కదల్చకుండా రొమ్ము పరీక్ష చిత్రాలు తీసే యంత్రాన్ని చేసింది. ఆస్ట్రేలియా కంపెనీ మైక్రో-ఎక్స్ నానోట్యూబ్ కాథోడ్‌తో తేలికైన మొబైల్ ఎక్స్-రే యంత్రాలు తయారుచేస్తోంది. 2015 డిసెంబరులో బయల్దేరిన లీసా పాత్‌ఫైండర్ అంతరిక్ష నౌకలోని కొలాయిడ్ థ్రస్టర్లకి న్యూట్రలైజర్‌గా (నౌక మీద పోగయ్యే విద్యుదావేశాన్ని సమం చేసేది) వెళ్లింది కూడా నానోట్యూబ్ కాథోడే. ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది: పల్స్ కరెంటో, చిన్న కరెంటో సరిపోయే పనులు, వెంటనే ఆన్-ఆఫ్ అవ్వడం లేదా ఫిలమెంట్ వేడి లేకపోవడం కలిసొచ్చే పనులు.

## కార్బన్ ఫైబర్

నానోట్యూబ్ కన్నా ఎంతో ముందే వచ్చింది ఇది. 1972లోనే బేకర్, ఆస్బర్న్, విలియమ్స్ కార్బన్ ఫైబర్‌ని కొత్త ఎలక్ట్రాన్ మూలంగా నేచర్ పత్రికలో ప్రకటించారు. అయినా మనవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు, పేపర్ రాయడానికి కొత్తగా ఉండదని.

ఒక్కసారి లెక్క చూడండి. ఫైబర్ వ్యాసం 7 మైక్రోమీటర్లు, వ్యాసార్ధం 3.5. నానోట్యూబ్‌తో పోలిస్తే దూలం. కానీ దీన్ని 3 మిల్లీమీటర్లు బయటికి నిలబెట్టవచ్చు. 3000ని 3.5తో భాగిస్తే 850 దాటుతుంది. పైన నానోట్యూబ్‌కి వచ్చిన 1000కి ఇదేమంత దూరం లేదు! పైగా కోసిన కొన గరుకుగా ఉండి, దాని మీద నానో స్థాయి మొనలు వేరే ఉంటాయి.

దీని అసలు బలం చావులో ఉంది. అయాన్లు కొట్టి ఒక మొన అరిగితే పక్కన, కింద ఇంకో మొన బయటపడుతుంది. పొడవైన ఫైబర్ కొద్దికొద్దిగా అరుగుతూ అలాగే పనిచేస్తుంటుంది. అందుకే 10⁻⁶, 10⁻⁷ టార్ లాంటి మామూలు పారిశ్రామిక వాక్యూమ్‌లో కూడా ఇది నడుస్తుంది. మాస్కో ఫిజిక్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో షెషిన్ బృందం ఫైబర్ కాథోడ్‌లతో వెలుగునిచ్చే దీపాలు చేసిందీ ఈ ఓర్పు చూసుకునే.

తయారీ అంటారా? 3కే టో (ఫైబర్ల కట్ట) కొనుక్కుంటే అందులో మూడు వేల ఫైబర్లుంటాయి. కాంపొజిట్ సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: ఫైబర్ మీద సైజింగ్ అనే పాలిమర్ పూత ఉంటుంది. దాన్ని అసిటోన్‌లో నానబెట్టి, తర్వాత వాక్యూమ్‌లో బేక్ చేసి తీసేయాలి. లేకపోతే కరెంటు ఎక్కగానే గ్యాస్ వదిలి మీ పంపుని ఏడిపిస్తుంది. తర్వాత ఆ ఫైబర్ల కట్టని గ్రాఫైట్ పేస్ట్‌తో లోహపు గొట్టంలో బిగించి, కొన పదునైన బ్లేడుతో సమంగా కోయాలి.

లోటు కూడా చెప్పాలి. ఫైబర్ కట్ట నుంచి వచ్చే ఎలక్ట్రాన్ ధార విస్తరిస్తుంది, చిన్న చుక్క మీదికి ఫోకస్ చేయడం కష్టం. మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి చిన్న గేట్ (కాథోడ్ ముందు ఉండి కరెంటుని అదుపుచేసే ఎలక్ట్రోడ్) నిర్మాణాల్లో ఇమడదు. చిన్న గ్యాప్‌లో ఫైబర్ వంగి గేట్‌కి తగిలే ప్రమాదం ఉంది.

పల్స్ పవర్ వాళ్లకి ఇదే కుటుంబంలో ఇంకో ప్రపంచం ఉంది. అక్కడ కొన ఉద్దేశపూర్వకంగానే పేలి ప్లాస్మా అవుతుంది, ఆ ప్లాస్మా నుంచి వేల ఆంపియర్లు వస్తాయి. దాన్ని ఎక్స్‌ప్లోజివ్ ఎమిషన్ అంటారు, పేరు దగ్గరగా ఉన్నా భౌతికశాస్త్రం వేరు. మామూలు వెల్వెట్ బట్టని కూడా అక్కడ కాథోడ్‌గా వాడతారు. ఫైబర్ మీద సీసియం అయొడైడ్ పూస్తే ప్లాస్మా ప్రవర్తన మెరుగుపడుతుందని అమెరికా వైమానిక దళ ల్యాబ్ ప్రయోగాలు చూపాయి.

నానోట్యూబ్‌లనే దారంగా వడికిన సీఎన్‌టీ ఫైబర్ ఈ రెండింటి మధ్యలో నిలబడుతుంది. వేడిని బాగా లాగుతుంది. మంచి దారం సంపాదించగలిగితే తప్పక ప్రయత్నించండి.

## డైమండ్ ఫిల్మ్

దీని కథ ఒక గొప్ప ఆశతో మొదలైంది. 1979లో హింప్సెల్, ఆయన సహచరులు డైమండ్‌కి ఒక ఉపరితలం మీద నెగెటివ్ ఎలక్ట్రాన్ అఫినిటీ ఉందని చూపించారు. అంటే కండక్షన్ బ్యాండ్‌లో (పదార్థంలో స్వేచ్ఛగా తిరిగే శక్తి స్థాయిల్లో) ఉన్న ఎలక్ట్రాన్‌కి బయటికి రావడానికి గోడే లేదు. ఇంకేం, చదును డైమండ్ నుంచే ఎలక్ట్రాన్లు కురుస్తాయనుకున్నారు.

తలుపు తెరిచే ఉంది, గదిలో మనిషి లేడు. డైమండ్ బ్యాండ్ గ్యాప్ 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు. కండక్షన్ బ్యాండ్‌లోకి ఎలక్ట్రాన్లని చేర్చే మంచి డోపింగ్ లేదు, నైట్రోజన్ వేస్తే దాని స్థాయి 1.7 ఎలక్ట్రాన్ వోల్టుల లోతులో ఉంటుంది. ఆచరణలో పనిచేసింది వేరే రూపం: 3 నుంచి 5 నానోమీటర్ల రేణువులున్న అల్ట్రానానోక్రిస్టలైన్ డైమండ్‌లో నైట్రోజన్ కలిపినది. అందులో రేణువుల మధ్య సరిహద్దుల్లో గ్రాఫైట్ లాంటి కార్బన్ ఉంటుంది. కరెంటు ఆ సందుల్లోంచి వస్తుంది, చుట్టూ ఉన్న డైమండ్ గట్టిదనాన్నిస్తుంది.

ఎగిరిపోయే ట్యూబ్ లేదు, వంగే ఫైబర్ లేదు, ఫిల్మ్ సబ్‌స్ట్రేట్‌ని గట్టిగా పట్టుకుంటుంది. దానికి బదులుగా ఎక్కువ క్షేత్రం అడుగుతుంది. యాక్సిలరేటర్‌లకి ఎలక్ట్రాన్లని అందించే ఆర్‌ఎఫ్ గన్‌లలో క్షేత్రం ఎలాగూ మీటరుకు కోట్ల వోల్టుల్లో ఉంటుంది. అక్కడ చదునుగా ఉండే ఈ ఫిల్మ్ చక్కగా సరిపోతుంది, అమెరికాలో ఆర్గాన్ నేషనల్ ల్యాబ్ వాళ్లు ఈ దారిలో పనిచేశారు. మైక్రోవేవ్ ప్లాస్మా సీవీడీ యంత్రం మీకు అందుబాటులో లేకపోతే మాత్రం ఈ దారి మర్చిపోండి.

డైమండ్-లైక్ కార్బన్ గురించి రెండు ముక్కలు చాలు. దాని నుంచి వచ్చే ఎమిషన్‌లో చాలా భాగం, కండిషనింగ్‌లో ఫిల్మ్ దెబ్బతిని గ్రాఫైట్ దారులు ఏర్పడ్డాకే మొదలవుతుంది. ఏ దెబ్బ ఎక్కడ తగులుతుందో మీ చేతిలో ఉండదు. విడిగా కాథోడ్‌గా నేను ఎవరికీ సిఫారసు చేయను.

## నిలువు గ్రాఫీన్ గోడలు

పడుకున్న గ్రాఫీన్ పొర ఎమిటర్‌గా పనికిరాదు, దానికి అంచు కావాలి. కార్బన్ నానోవాల్స్ అనే నిలువు గోడలని 2002లో సింగపూర్‌లో యిహోంగ్ వూ బృందం ప్లాస్మా సీవీడీలో పెంచింది. కెటలిస్ట్ అక్కర్లేదు, అనేక రకాల సబ్‌స్ట్రేట్‌ల మీద పెరుగుతాయి. నానోట్యూబ్ ఒక చుక్క మీద నిలబడితే ఇది గోడ పొడవునా పునాది వేసుకుంటుంది, కాబట్టి వేరు దగ్గర ఊడే జబ్బు తక్కువ. అంచు సన్నగా ఉన్నా ముల్లంత పదును రాదు, గోడలు దగ్గరదగ్గరగా పెరిగి ఒకదాన్నొకటి కప్పేస్తాయి. అందువల్ల నానోట్యూబ్ కన్నా ఎక్కువ వోల్టేజీ అడగడం మామూలే. వోల్టేజీకి లోటు లేని చోట నేను దీన్ని ఇష్టంగా పరిశీలిస్తాను.

## ఒక్క చూపులో

| | మల్టీవాల్ నానోట్యూబ్ | కార్బన్ ఫైబర్ | నైట్రోజన్ నానోడైమండ్ | గ్రాఫీన్ గోడలు |
|---|---|---|---|---|
| అడిగే క్షేత్రం | అన్నిటికన్నా తక్కువ | తక్కువ, పొడవు మీద ఆధారం | ఎక్కువ | మధ్యస్థం |
| ఎలా చెడుతుంది | వేరు ఊడి, ఆర్క్‌తో | నెమ్మదిగా అరిగి | ఆర్క్ గుంటలతో | అంచు అరిగి |
| వాక్యూమ్ ఓర్పు | మధ్యస్థం | బాగా ఎక్కువ | మంచిది | మధ్యస్థం |
| ఫోకస్, గేట్ | అనువు | కష్టం | చదును కాబట్టి సులువు | అనువు |
| కావాల్సిన యంత్రం | ట్యూబ్ ఫర్నేస్ లేదా స్క్రీన్ ప్రింటర్ | బ్లేడు, పేస్ట్, ఓవెన్ | మైక్రోవేవ్ ప్లాస్మా సీవీడీ | ప్లాస్మా సీవీడీ |

## ఎవరికి ఏది

ఆర్నెల్ల ఎం.టెక్ ప్రాజెక్టు, పాత డిఫ్యూజన్ పంప్ చాంబర్, తక్కువ డబ్బు: మారుమాట లేకుండా ఫైబర్. మొదటి నెలలోనే కరెంటు చూస్తారు, మిగిలిన ఐదు నెలలు నిజమైన ప్రశ్నల మీద పనిచేస్తారు. ఆయిల్ ఆవిరి కాథోడ్ మీదికి రాకుండా లిక్విడ్ నైట్రోజన్ ట్రాప్ పెట్టుకోండి.

ఎక్స్-రే మీద పీహెచ్‌డీ చేసేవారికి ప్రింట్ చేసిన లేదా గళ్లుగా పెంచిన మల్టీవాల్ నానోట్యూబ్, పైన గేట్ జాలి. గేట్ తీగలు కొంత కరెంటుని మింగేస్తాయి, ఆ కరెంటుతోనే అవి వేడెక్కుతాయి. కాథోడ్ మీద పెట్టిన శ్రద్ధంతా గేట్ మీద కూడా పెట్టాలి. ట్యూబ్‌లు మీరే పెంచాలని పట్టుపట్టకండి. హైదరాబాద్ దగ్గర్లో ఉన్నవారికి బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో కార్బన్ పదార్థాల మీద ప్రత్యేక కేంద్రం ఉంది, అలాంటి చోట్ల సహకారం అడగడం ఒక కొత్త ఫర్నేస్ కొనడం కన్నా తెలివైన పని.

ఆర్‌ఎఫ్ గన్‌కి నానోడైమండ్ లేదా సీఎన్‌టీ దారం. వేల ఆంపియర్ల పల్స్‌కి వెల్వెట్ లేదా పూత వేసిన ఫైబర్.

ఇక ఒక మాట మనసు విప్పి చెప్పాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం మంచి మూలం కావాలంటే దశాబ్దాల అనుభవమున్న టంగ్‌స్టన్ కొన ఉంది. ఎప్పుడూ ఆన్‌లోనే ఉండే పెద్ద కరెంటు కావాలంటే లాంథనమ్ హెక్సాబొరైడ్‌ని వేడిచేసి వాడటం నేటికీ సులువు. వేడి లేకపోవడం, వెంటనే ఆన్ అవ్వడం, చిన్న పరిమాణం, ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మీకు నిజంగా అక్కర్లేకపోతే కార్బన్ ఫీల్డ్ ఎమిషన్ జోలికి వెళ్లకండి.

## ఖరారు చేసే ముందు

ఎంచుకున్న రెండు పదార్థాలని ఒకే చాంబర్‌లో, ఒకే స్పేసర్‌తో, ఒకే ఆనోడ్‌తో కొలవండి. సమాన వోల్టేజీ ఇచ్చి పోల్చకండి. సమాన కరెంటు వచ్చేలా వోల్టేజీ సర్దుకుంటూ 24 గంటలు నడపండి. ఆ 24 గంటల్లో వోల్టేజీ ఎంత పెంచాల్సి వచ్చిందో, అదే మీకు కావాల్సిన అంకె. ముందూ తర్వాతా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో తీయండి, అదే చోట.

వరుసలో ఒక బ్యాలస్ట్ రెసిస్టర్ పెట్టండి, ఆర్క్ వచ్చినప్పుడు నమూనాని కాపాడుతుంది. 1 మెగాఓమ్ దగ్గర 1 మిల్లీఆంపియర్ వెళితే 1000 వోల్టులు అక్కడే పడిపోతాయి. ఎఫ్-ఎన్ ప్లాట్ గీసే ముందు ఆ వోల్టేజీని లెక్కలోంచి తప్పనిసరిగా తీసేయాలి, లేకపోతే పైన చెప్పిన పదివేల గుణకాల పొరపాటు మీ థీసిస్‌లోకే వస్తుంది.

ఆనోడ్ మీద 10 కిలోవోల్టులు దాటిస్తే ఎక్స్-రే వస్తోందని గుర్తించి, చాంబర్ కిటికీకి లెడ్ గ్లాస్ వేసి, సర్వే మీటర్‌తో చుట్టూ కొలవండి. నానోట్యూబ్ పొడిని పొడిగా ఉన్నప్పుడు తెరిచిన బల్ల మీద ఎప్పుడూ తూకం వేయకండి. ఫ్యూమ్ హుడ్‌లో, మాస్క్‌తో, వీలైనంత తొందరగా ద్రవంలో తడిపేయండి. కోసిన కార్బన్ ఫైబర్ తునకలు చర్మంలోకి, కరెంటు బోర్డుల్లోకి దూరతాయి, కోసే చోట తడిబట్ట పరచండి.

ఏ కొత్త కార్బన్ పరీక్షిస్తున్నా నేను చాంబర్‌లో పక్కన ఒక ఫైబర్ కట్టని కూడా బిగిస్తాను, ఎప్పుడూ అదే టో నుంచి కోసినది. కొత్త నమూనా ఉన్నట్టుండి అద్భుతంగానో అధ్వానంగానో కనిపించిన రోజున ముందు ఆ ఫైబర్ కరెంటు చూస్తాను. అది కూడా మారి ఉంటే మారింది నమూనా కాదు, చాంబర్. అప్పుడు గ్యాప్ కొలిచి, లీకు వెతికి, మళ్లీ మొదలుపెడతాను.